పైరును చదవాలా, పల్లెను చదవాలా?

వ్యవసాయ, ఆహార రంగాల చదువుల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. ఈ రంగంలో విజ్ఞానశాస్త్రం చదవాలా, సామాజికశాస్త్రం చదవాలా అన్నదే ఆ సందేహం. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. బోటనీ, జువాలజీ ఇష్టమే కానీ, పదో తరగతి వరకు సాంఘికశాస్త్రం కూడా అంతే ఇష్టంగా చదివాను. అగ్రికల్చర్ బీఎస్సీలో చేరితే ఆ రెండో ఇష్టాన్ని వదులుకోవలసిందేనా? ఎకనామిక్స్, ఎక్స్‌టెన్షన్ అనేవి పీజీలో మంచి ర్యాంకు రానివాళ్లు తీసుకునే సబ్జెక్టులని సీనియర్లు అంటున్నారు.
– విద్యార్థిని, నంద్యాల

జవాబు: వదులుకోనక్కర లేదు. నాలుగేళ్ల అగ్రికల్చర్ బీఎస్సీలో మృత్తికాశాస్త్రం, కీటకశాస్త్రం, తెగుళ్ల శాస్త్రం, కొత్త పంట రకాలను రూపొందించే ప్రజననశాస్త్రం వంటి వాటితో పాటు వ్యవసాయ ఆర్థికశాస్త్రం, గ్రామీణ సమాజశాస్త్రం, విస్తరణ విద్య (పరిశోధనను రైతుకు చేర్చే ఎక్స్‌టెన్షన్) కూడా అందరూ చదవవలసిన పాఠాలే. పీజీలో ఏదో ఒక దారి ఎంచుకుంటారు గానీ, పొలంలో ఆ దారులు వేరువేరుగా ఉండవు. మీ సీనియర్ల మాట ఎందుకు సరికాదో ఒక వరి రకం చరిత్రతో చెబుతాను.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఎంటీయూ 7029ను విడుదల చేసింది. రైతులందరూ స్వర్ణ అని పిలిచే ఈ రకం మన డెల్టాలను దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్ మాగాణుల్లో స్థిరపడింది. అయితే అక్కడి పల్లపు పొలాలు వర్షాకాలంలో వారం, పది రోజుల పాటు పూర్తిగా నీట మునుగుతాయి. మునిగిన వరి మొక్క గాలి అందుకోవడానికి గబగబా పొడవు సాగుతుంది, ఆ ప్రయత్నంలో తనలో దాచుకున్న పిండిపదార్థాలన్నీ ఖర్చుచేసుకుంటుంది, నీరు తీసే సమయానికి సత్తువ లేక పడిపోతుంది. ఒడిశాకే చెందిన పాత వరి నుంచి వచ్చిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే రకం ఇందుకు భిన్నంగా, మునిగినన్నాళ్లూ ఎదుగుదలను ఆపుకొని, నీరు పోయాక మళ్లీ చిగురిస్తుంది. ఈ గుణానికి కారణమైన సబ్1ఎ జన్యువును శాస్త్రవేత్తలు గుర్తించిన సంగతి 2006లో వెల్లడైంది. ఆ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చి రూపొందించిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది.

ఇంతవరకు ప్రజననశాస్త్రం పని. ఆ తర్వాత ఆర్థికవేత్తలు ఒడిశాలో 128 గ్రామాలను తీసుకొని, వాటిలో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, అక్కడి కొందరు రైతులకు కొత్త విత్తనం ఇచ్చారు. మిగిలిన గ్రామాలతో పోల్చి చూసినప్పుడు, పొలం పది రోజులు మునిగిన చోట కొత్త రకం పాత స్వర్ణ కంటే దాదాపు 45 శాతం ఎక్కువ దిగుబడి ఇచ్చిందనీ, వరద రాని చోట దిగుబడి ఏమీ తగ్గలేదనీ తేలింది. మంచి ఫలితమే. కానీ వారు అక్కడితో ఆగకుండా, ఊళ్లో మునిగే పొలాలు ఎవరివి అని కూడా అడిగారు. పల్లపు భూములు ఎక్కువగా దళితుల వంటి అణగారిన కులాల రైతుల చేతిలో ఉన్నాయి. తరతరాలుగా మెరక భూములు బలమైన కుటుంబాలకు, ముంపు భూములు బలహీనులకు దక్కుతూ వచ్చిన ఫలితమిది. ముంపును తట్టుకొనే ఒక జన్యువు వల్ల అందరికంటే ఎక్కువ మేలు పొందగలవారు వాళ్లేనని 2013లో వెలువడిన ఆ అధ్యయనం చూపింది. జన్యువును కనిపెట్టిన ప్రయోగశాలలో ఈ విషయం ఎప్పటికీ బయటపడేది కాదు. అలాగే, భూమి పంపకాన్ని మాత్రమే అధ్యయనం చేసేవారికి ఒక విత్తనం ఆ అన్యాయపు బరువును కొంతైనా తగ్గించగలదని తట్టేది కాదు.

ఈ పరిశోధనలో తర్వాత తేలిన మరో సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. వరద భయం తగ్గిన రైతులు ఎరువు ఎక్కువ వేశారు, సాగు విస్తీర్ణం పెంచారు, వెదజల్లే పద్ధతి కంటే ఎక్కువ కూలి పడినా నాట్లు వేయడానికి మొగ్గారు, అప్పును కూడా ఎక్కువగా ఉపయోగించుకున్నారు. విత్తనం తన శక్తితో ఇచ్చిన దిగుబడి ఒక ఎత్తయితే, ధైర్యం వచ్చిన రైతు తన పద్ధతిని మార్చుకోవడం వల్ల వచ్చినది మరో ఎత్తు. రైతు ఎందుకు వెనకాడుతున్నాడో తెలియని శాస్త్రవేత్త, ఆయన ఎరువు తక్కువ వేయడాన్ని అవగాహన లేకపోవడం అనుకుంటాడు. మన వ్యవసాయ శిక్షణ శిబిరాలలో ఈ పొరపాటు ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

కాబట్టి నిశ్చింతగా ఈఏపీసెట్‌కు సిద్ధం కండి. ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయంలో గానీ, మరో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గానీ సీటు వస్తే మొదటి రెండేళ్లు గణాంకశాస్త్రాన్ని అశ్రద్ధ చేయకండి. ప్రజననశాస్త్రం ఎంచుకున్నా, ఆర్థికశాస్త్రం ఎంచుకున్నా అది తప్పక కావాలి, పైగా ఈ రెండు విభాగాలవారు కలిసి పనిచేసేటప్పుడు ఒకరి మాట మరొకరికి అర్థమయ్యేది దాని ద్వారానే.

ప్రశ్న: అగ్రికల్చర్ బీఎస్సీ చివరి సంవత్సరంలో రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) కింద కొన్ని నెలలు ఒక పల్లెలో ఉన్నాను. ఇంటింటికీ తిరిగి పశువులు, పొలాలు, ఆదాయం రాసుకోవడమే పెద్ద పనిగా ఉండేది. ఇలాంటి సర్వేలు నిజంగా శాస్త్రమేనా? వీటితో ఎవరైనా ఏమైనా సాధించారా?
– విద్యార్థి, జగిత్యాల

జవాబు: సాధించారు, అదీ మీకు దగ్గరలోనే. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అనగానే జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలే గుర్తుకొస్తాయి. ఆ సంస్థ ఆర్థికవేత్తలు 1975లో మెట్ట ప్రాంతాల్లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరుతో పాటు మహారాష్ట్రలో షోలాపూర్, అకోలా జిల్లాల పల్లెలను ఎంచుకొని, ఊరికి 40 కుటుంబాల చొప్పున, భూమి లేని కూలీలు మొదలు పెద్ద రైతుల వరకు తీసుకున్నారు. వివరాలు సేకరించేవారు ఆ ఊళ్లోనే కాపురముంటూ, మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి ఏ పొలంలో ఏ పని జరిగింది, ఎవరు చేశారు, ఎంత ఖర్చయింది, ఎంత అమ్మారు అని నమోదు చేసేవారు. ఏటా ఒకసారి కారులో వచ్చి పోయే సర్వేకు ఇలాంటి వివరాలు చిక్కవు. మెట్ట సేద్యం మీద ప్రపంచవ్యాప్తంగా వెలువడిన ఎన్నో పరిశోధనలకు వారు అలా నమోదు చేసిన అంకెలే ఆధారమయ్యాయి.

అదే కాలంలో ఇక్రిశాట్‌లో పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్ మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ మెట్ట పల్లెల్లో నిజమైన డబ్బుతో ఒక ప్రయోగం చేశాడు. నాణెం ఎగరేస్తే ఎటు పడినా కొంత ఖాయంగా వచ్చే పందెం నుంచి, పడితే చాలా ఎక్కువ, పడకపోతే దాదాపు ఏమీ రాని పందెం వరకు వరుసగా చూపి, ఏది కావాలో రైతును ఎంచుకోమన్నాడు. మొత్తం చిన్నదిగా ఉన్నంతసేపూ ఒక్కొక్కరు ఒక్కోలా ఎంచుకున్నారు. పెద్దదవుతున్న కొద్దీ పేదవాడు, ఉన్నవాడు అనే తేడా పెద్దగా లేకుండా దాదాపు అందరూ మధ్యస్థమైన జాగ్రత్తనే చూపారు. 1980లో అచ్చయిన ఈ ఫలితానికి పెద్ద అర్థముంది. చిన్న రైతు కొత్త పద్ధతి చేపట్టకపోతే అది ఆయన పిరికితనం కాదు, అప్పు దొరకకపోవడం, నీరు లేకపోవడం, మార్కెట్ చేతిలో లేకపోవడం వంటి ఆటంకాలను వెతకాలి. నలభై ఏళ్ల తర్వాత కూడా పథకాలు రాసేవారు ఇది చదవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక మీరు నింపిన ప్రశ్నావళి సంగతి. ఎకరానికి ఎంత పండింది అంటే రైతు ముప్పై బస్తాలు అంటాడు. బస్తా డెబ్బై కిలోలా, డెబ్బై అయిదా? తూకానికి ముందు తేమ ఎంత? కౌలు కింద ఇచ్చినవి ఆ ముప్పైలో ఉన్నాయా, లేవా? ఈ మూడూ అడగకుండా రాసుకున్న అంకె అగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) పరీక్షకూ పనికిరాదు, ఆర్థిక లెక్కకూ పనికిరాదు. పొలం ఎవరిది అనే ప్రశ్న ఇంకా లోతైనది. మృత్తికాశాస్త్రం చదివిన మీరు జనుము, పిల్లిపెసర, జీలుగ వేసి కలియదున్నమని సలహా ఇస్తారు. ఆ సలహా శాస్త్రీయంగా సరైనదే. వచ్చే ఏడు ఆ పొలం తనకే దక్కుతుందన్న నమ్మకం లేని కౌలురైతు పరాయి భూమికి బలం పెంచడానికి సొంత డబ్బు ఎందుకు పెడతాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డు గడువు కూడా 11 నెలలే, దానికీ యజమాని సమ్మతి కావాలి. తగ్గిపోతున్న భూసారానికి మందు మట్టిలో కొంత, కౌలు ఒప్పందంలో కొంత ఉందని గ్రహించిన రోజున మీ రావెప్ నోటు పుస్తకం మీకే కొత్తగా కనిపిస్తుంది.

ప్రశ్న: నేను కీటకశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. నా పని పురుగులతో. నాకు సామాజికశాస్త్రం ఎంతవరకు అవసరం?
– పాఠకుడు, బాపట్ల

జవాబు: పురుగు జీవితచక్రం మీకు తెలుసు. రైతు ఏ రోజు, ఎవరి మాట మీద మందు కొడతాడో తెలియకపోతే ఆ జ్ఞానం పొలానికి చేరదు. మన పత్తి, మిరప ప్రాంతాల్లో పురుగుమందుల దుకాణదారే చాలాచోట్ల సలహాదారు, అప్పిచ్చేది కూడా ఆయనే. బాకీ ఉన్న రైతుకు వేరే సలహా వినే స్వేచ్ఛ తక్కువ. ఆర్థిక నష్ట పరిమితి స్థాయి (పురుగు చేసే నష్టం మందు ఖర్చును మించే స్థాయి) దాటాకే మందు కొట్టాలని మీరు చెప్పే సూత్రం ఈ బంధంలో నలిగిపోతుంది.

పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరు ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో రసాయన పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకుంది. దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు, పక్షి స్థావరాలు, వేపగింజల కషాయం వంటివి మీ పాఠ్యపుస్తకంలో ఉన్నవే. అక్కడ అవి నిలబడడానికి కారణం స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఊళ్లో ఉండి పనిచేయడం, వేపపొడి తయారీని మహిళా సంఘాలు చేపట్టడం, నిర్ణయాన్ని ఒక్కో రైతు కాక ఊరంతా కలిసి తీసుకోవడం. పక్క పొలంలో మందు కొడుతుంటే మిత్రపురుగులు మీ పొలంలో మాత్రం ఎలా బతుకుతాయి? కీటకశాస్త్రమే ఇక్కడ సమష్టి నిర్ణయం కావాలంటోంది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో స్వయం సహాయక సంఘాల ద్వారా విస్తరించిన రసాయనరహిత సేద్యానికి, 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి ఇటువంటి గ్రామాల అనుభవమే బాట వేసింది. ప్రకృతి వ్యవసాయపు దిగుబడుల మీద నిపుణులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అవి తేలాలంటే ఇటు కీటకాల లెక్క, అటు కుటుంబాల లెక్క రెండూ వేయగలవారు కావాలి. మీ థీసిస్‌లో ఒక అధ్యాయాన్ని రైతుల నిర్ణయాలకు కేటాయించే వీలుంటే విస్తరణ విభాగపు ఆచార్యులను సలహా కమిటీలో చేర్చుకోండి.

ప్రశ్న: ఆహారం, పోషణ రంగంలో స్థిరపడాలని ఉంది. ఫుడ్ టెక్నాలజీ, న్యూట్రిషన్ రెండూ ప్రయోగశాల చదువులే కదా. ఇక్కడ సమాజంతో సంబంధం ఎక్కడ వస్తుంది?
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రలోనే దీనికి జవాబుంది. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా ప్రారంభించిన ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇక్కడి ఆసుపత్రులకు మెడ, చేతులు, పాదాల మీద ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగిలిన రోగులు వచ్చేవారు. అది పెల్లాగ్రా. ప్రపంచమంతటా ఈ జబ్బును మొక్కజొన్న తినేవారిలోనే ఎక్కువగా చూశారు, ఇక్కడ వచ్చినవారు జొన్న తినేవారు. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం ఇందుకు కారణం కావచ్చని ప్రతిపాదించారు. ఇది జీవరసాయనశాస్త్రం. కానీ జొన్నరొట్టె తిన్న ప్రతివారికీ పెల్లాగ్రా రాలేదు. పప్పు, పాలు, మాంసం అంతగా అందక, జొన్న మీదే బతికిన పేద కూలీలకు వచ్చింది. అమైనో ఆమ్లం ఒకటే, కంచం వేరు, ఆ కంచాన్ని నిర్ణయించేది కూలి రేటు.

ఈ రంగంలో మీరు నేర్చుకోబోయే ఒక పనిని దగ్గరగా చూడండి. ఆహార సర్వేలో నిన్న ఏం తిన్నారని అడగడం చాలా తేలిక, కొలవడమే కష్టం. వంటకు తీసిన బియ్యం, పప్పు, నూనె, కూరగాయల పచ్చి బరువు ఎంతో తెలుసుకోవాలి, ఉడికిన తర్వాత ఆ కూర మొత్తం ఎన్ని కప్పులయిందో చూడాలి, ఒక్కొక్కరి కంచంలోకి ఎంత వచ్చిందో ప్రమాణ కప్పులతో ఆ ఇల్లాలి చేత చూపించుకోవాలి. అప్పుడు ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలతో లెక్క కడతారు. 2017లో ఈ సంస్థ వెలువరించిన పట్టికలలో 528 పదార్థాల వివరాలున్నాయి. పట్టికలో అంకె ఎంత కచ్చితమైనదైనా, ఇంట్లో అందరికంటే చివర తినే కోడలికి గిన్నె అడుగున ఎంత మిగిలిందో సరిగా రాసుకోకపోతే రక్తహీనత లెక్క తప్పుతుంది. ఆ మాట ఆమె అత్తగారి ఎదుట చెప్పదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అడగాలో తెలియడం సామాజికశాస్త్ర నైపుణ్యమే.

ఫుడ్ టెక్నాలజీకీ ఇదే వర్తిస్తుంది. కొర్రలు, సామలు, అరికెలు మన వంటిళ్లలో తగ్గిపోవడానికి వరి రుచి, 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం కారణాలని అందరూ చెబుతారు. రోలు, రోకళ్లతో ఆ గట్టి పొట్టు దంచి తీయవలసింది ఆడవాళ్లేనన్న కారణాన్ని తక్కువమంది చెబుతారు. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకొన్నాం గానీ, పొట్టు తీసే చిన్న మిల్లు ఊళ్లో లేకపోతే పండించిన రైతే వాటిని వండుకోలేడు. రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ శుద్ధి యంత్రాల మీద చేస్తున్న పనికి అంత విలువ ఉండడం ఇందువల్లనే. జీవరసాయనం మీద మక్కువ ఉంటే పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీకి ప్రయత్నించండి. యంత్రాలు, నిల్వ, ప్యాకింగ్ మీద ఆసక్తి ఉంటే మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ దారి చూడండి. ఏ దారిలోనైనా తినేవారి ఇంటికి వెళ్లే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: బీఏ ఎకనామిక్స్ చదివాను. సైన్స్ లేదు. ఈ రంగానికి రాగలనా?
– పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: రాగలరు, అయితే దారి వేరు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో అగ్రికల్చరల్ ఎకనామిక్స్ ఎమ్మెస్సీకి సాధారణంగా అగ్రికల్చర్ డిగ్రీ అడుగుతారు. గుజరాత్‌లోని ఆణంద్‌లో 1979లో స్థాపించిన గ్రామీణ నిర్వహణ సంస్థ ఇర్మాకు, హైదరాబాద్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ పీజీ డిప్లొమాకు ఏ డిగ్రీ ఉన్నవారైనా పోటీపడవచ్చు. ఎమ్మే ఎకనామిక్స్ చేసి వ్యవసాయం మీద పరిశోధన చేసినవారూ చాలామంది ఉన్నారు. మీకు సైన్స్ లేని లోటు నిజమే, దాన్ని తీర్చుకోవలసింది మీరే. ఒక పంటకాలం పాటు ఒకే పొలాన్ని విత్తనం నుంచి అమ్మకం దాకా అనుసరించి, ప్రతి పనికీ కారణం అడిగి రాసుకోండి.

ప్రశ్న: నేను రైతును. మా అమ్మాయి అగ్రికల్చర్ బీఎస్సీ పూర్తి చేసి పీజీలో ఎక్స్‌టెన్షన్ తీసుకుంటానంటోంది. జెనెటిక్స్ తీసుకుంటే విత్తన కంపెనీలో మంచి జీతం వస్తుందని బంధువులు అంటున్నారు. ఏది మేలు?
– పాఠకుడు, వనపర్తి

జవాబు: అయ్యా, మీ బంధువుల మాటలో నిజముంది. హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీలు చాలా ఉన్నాయి, ప్రజననశాస్త్రం చదివినవారిని అవి తీసుకుంటాయి. అయితే అవే కంపెనీలు ఏ రకం ఏ ప్రాంతంలో రైతుకు నచ్చుతుందో తెలుసుకోవడానికి పల్లెల్లో తిరిగి పనిచేసేవారిని కూడా అంతే కావాలనుకుంటాయి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి ఎండాకు తెగులుకు లొంగిపోతున్నా, తినేవారు ఆ అన్నాన్ని వదలలేదు కనుక రైతులూ వదలలేదు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు గింజ గుణం మారకుండా మూడు నిరోధక జన్యువులను అందులో చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చారు. ఏ గుణాన్ని మార్చాలో, దేన్ని ముట్టుకోకూడదో జనం అభిరుచే తేల్చింది.

ఉద్యోగాల మాటకొస్తే, వ్యవసాయ అధికారి పోస్టులకు, బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్ర అధికారి పోస్టులకు అగ్రికల్చర్ డిగ్రీయే ప్రధాన అర్హత కనుక ఈ రెండింటిలో ఏ పీజీ చేసినా ఆ దారి మూసుకుపోదు. కృషి విజ్ఞాన కేంద్రాలలో విస్తరణ నిపుణుల పోస్టులు ప్రత్యేకంగా ఉంటాయి. నాబార్డు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, స్వచ్ఛంద సంస్థలలో కూడా ఈ చదువుకు చోటుంది. ప్రైవేటు రంగంలో మొదటి జీతం కొంత తక్కువగా ఉండవచ్చు, సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లు ఏటా రావు, ఈ రెండింటికీ ఇంట్లోవాళ్లు సిద్ధంగా ఉండాలి. రాజేంద్రనగర్‌లో మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ), నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ) నడిపే అగ్రిబిజినెస్ డిప్లొమాలను కూడా అమ్మాయిని పరిశీలించమనండి. వాటికి క్యాట్ వంటి ప్రవేశ పరీక్ష స్కోరు అడుగుతారు గనుక చివరి సంవత్సరంలోనే తయారీ మొదలుపెట్టాలి. ఆ అమ్మాయికి ఎక్స్‌టెన్షన్ ఎందుకు కావాలనిపించిందో ముందు మీరే అడిగి వినండి. రైతు ఇంట పుట్టిన పిల్లకు అధికారి చెప్పే సలహా ఇంటికి ఎలా వస్తుందో, ఎందుకు ఆగిపోతుందో చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ విభాగంలో పరిశోధనకు అలాంటి ప్రశ్నతో వచ్చేవారు ఇప్పుడు నిజంగా అవసరం.